మాండరిన్ సరే, మరి కాంటనీస్?

ప్రశ్న: మా అబ్బాయికి హాంకాంగ్‌లో ఎమ్మెస్సీ సీటు వచ్చింది. సెప్టెంబరులో వెళ్తాడు. పాఠాలన్నీ ఇంగ్లిష్‌లోనేనట. పనికొస్తుందని యాప్‌లో చైనా అధికార భాష మాండరిన్ మొదలుపెట్టాడు. అక్కడ మాట్లాడేది కాంటనీస్ అనే వేరే చైనీస్ భాష అంటున్నారు. అదీ నేర్చుకోవాలా?
- ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: నేర్చుకోవాలండీ. పరీక్ష రాసేంత అక్కర్లేదు, నోరు తిరిగితే చాలు. క్లాసు వరకు ఇంగ్లిష్‌తో గడిచిపోతుంది. కానీ 2021 జనగణన ప్రకారం అక్కడ పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది రోజూ మాట్లాడేది కాంటనీసే. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి అక్కడి ప్రభుత్వం రెండేళ్లు ఉండనిస్తుంది. రేపు ఆఫీసులో భోజనాల దగ్గర నలుగురూ నవ్వుతుంటే మీవాడు ఫోన్ చూసుకుంటూ కూర్చోకూడదన్నదే నా తపన.

మాండరిన్ ఆపమనను. అది వస్తే ఇదీ వచ్చినట్టే అని మాత్రం అనుకోవద్దు. పైగా హాంకాంగ్ పత్రికల్లో రాసే చైనీస్ వేరు, వీధిలో మాట్లాడే మాట వేరు. అందుకే వాడుక మాటలు నేర్పే పాఠాలే చూసుకోమనండి.

ముందు 'మ్ కోయ్'. దారి ఇవ్వమనడానికీ, వెయిటర్‌ను పిలవడానికీ, చిన్న సాయానికి థాంక్స్ చెప్పడానికీ అదే మాట. ఎవరైనా బహుమతి ఇస్తే మాత్రం 'తో చె' అనాలి. మినీబస్సులో దిగే చోటు దగ్గరపడగానే 'యౌ లోక్, మ్ కోయ్' అని డ్రైవరుకు వినపడేలా గట్టిగా అనాలి. మొహమాటపడితే స్టాపు దాటిపోతుంది. ఆ 'లోక్'లో చివరి 'క్'ను నోట్లోనే ఆపేయాలి, బయటికి వదలకూడదు.

మనకు కలిసొచ్చేవీ ఉన్నాయి. 'సిక్ చో ఫాన్ మెయ్?' అంటే 'అన్నం తిన్నావా?' అని. మనలాగే వాళ్లకూ అదొక పలకరింపు. నాకు మరీ ఇష్టమైనది వాక్యం చివర వచ్చే 'వో'. 'ఖుయ్ మ్ లై వో' అంటే 'వాడు రాడట'. ఆ 'అట' ఇంగ్లిష్‌లో ఒక్క ముక్కలో పలకదు, తెలుగువాడికి మాత్రం వెంటనే అందుతుంది.

కష్టమల్లా స్వరాలతోనే, అంటే మాట పలికేటప్పుడు గొంతు ఎత్తే, దించే తీరుతోనే. ఆరున్నాయి. 'మాయ్' అని గొంతు కింది నుంచి లేపితే కొనడం, కిందే నిలిపితే అమ్మడం! కాబట్టి నేను రాసిన తెలుగు అక్షరాలు చూసి బట్టీ పట్టొద్దు. జ్యుత్‌పింగ్ అనే పద్ధతిలో ప్రతి మాట పక్కనా 1 నుంచి 6 వరకు స్వరం అంకె ఉంటుంది. అలాంటి ఆడియో పాఠం తీసుకుని, విని, తన గొంతు రికార్డు చేసి పోల్చుకోమనండి. రోజుకు ఇరవై నిమిషాలు చాలు. విమానం ఎక్కేనాటికి ఓ ముప్పై మాటలు తడుముకోకుండా వస్తే, మిగతావి 'చా చాన్ తెంగ్' అనే అక్కడి టీ హోటళ్లలో వినీ వినీ వచ్చేస్తాయి.