రెస్ట్‌లెస్ బ్యాండిట్ లెక్కలో ముందుగా ఎవరికి ఫోన్ చేయాలి?

ఫోన్ చేయడం వల్ల ఎవరిలో ఎక్కువ మార్పు వస్తుందో వాళ్లకే ముందు. చాలామందిలో కొందరినే చూసుకోగలిగినప్పుడు, ప్రతిసారీ ఎవరిని ఎంచుకోవాలో తేల్చే గణిత పద్ధతే రెస్ట్‌లెస్ బ్యాండిట్. ముంబైలోని ఆర్మాన్ సంస్థ గర్భిణులకు, బాలింతలకు రికార్డు చేసిన ఆరోగ్య సందేశాలు పంపుతుంది. వినడం తగ్గించినవారితో సిబ్బంది మాట్లాడతారు, కానీ వారానికి కొందరితోనే కుదురుతుంది. మనం పట్టించుకోకపోయినా ప్రతి ఒక్కరి స్థితీ మారుతూనే ఉంటుంది. 'రెస్ట్‌లెస్' అన్న పేరు అందుకే. ఎవరెవరిని కలిపి ఎంచుకోవచ్చో ఆ అన్ని కలయికలూ లెక్కగట్టడం అసాధ్యం గనుక, 1988లో గణిత శాస్త్రవేత్త పీటర్ విటిల్ సూచించినట్టు ఒక్కొక్కరికీ విడిగా సూచిక (ఫోన్ వల్ల ఎంత ప్రయోజనమో చెప్పే అంకె) కట్టి, పైనున్నవారిని ఎంచుకుంటారు.

ఫోన్ చేస్తే ఒకామె వినే అవకాశం 20 నుంచి 25 శాతానికి, మరొకామెది 50 నుంచి 80కి పెరుగుతుందనుకోండి. ముందు రెండో ఆమెకే చేయాలి. బాగా వెనకబడినవారికే ప్రాధాన్యం అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. అయితే అసలు సూచికలో రాబోయే వారాల ప్రయోజనం కూడా కలుస్తుంది.