సీల్డ్ ఆటోమేటిక్ గేర్‌బాక్సులో ఆయిల్ మార్చాలా?

మార్చాలి. సీల్డ్ అంటే ఆయిల్ మట్టం చూసుకునే డిప్‌స్టిక్ లేదనే అర్థం. ఆయిల్‌కు ముసలితనం రాదని కాదు.

ఆ ఆయిల్ పళ్లచక్రాలకు కందెనగా పనిచేస్తుంది, క్లచ్‌లను నొక్కే ఒత్తిడినిస్తుంది, వేడిని బయటికి మోస్తుంది. క్లచ్ ప్లేట్ల అరుగుదల పొడి కూడా అందులోనే చేరుతుంది. అన్నిటికన్నా దాన్ని చెడగొట్టేది వేడి. అలిపిరి నుంచి తిరుమలకు ఎక్కే ఘాట్ రోడ్డు పొడవైన కొండదారి. ఎండాకాలంలో ఏసీ వేసుకుని, ఐదుగురితో తరచూ ఆ కొండెక్కే కారులో ఆయిల్, రేణిగుంట దారిలో సాఫీగా తిరిగే కారులోకన్నా ముందే నల్లబడుతుంది. కారుతో ఇచ్చే మాన్యువల్ పుస్తకంలో ఇలాంటి కఠిన వాడకానికి వేరే గడువు ఉంటే అదే పాటించాలి. చాలా కార్లకు 60,000 నుంచి 1,00,000 కిలోమీటర్ల మధ్య మార్చడం మంచిది.

మట్టం చూడటమే అసలు మెలిక. కారును సమతలంగా లేపి, ఇంజిన్ నడుస్తుండగా, ఆయిల్ నిర్ణీత ఉష్ణోగ్రతకు చేరాక మట్టం బోల్టు విప్పుతారు. సన్నటి ధార చుక్కలుగా మారగానే బిగించాలి. ఆ ఉష్ణోగ్రత చూడటానికి స్కానర్, అంటే కారు కంప్యూటర్‌ను చదివే పరికరం, కావాలి. అది లేని షెడ్డుకు ఈ పని అప్పగించకపోవడమే మేలు.

కొత్త ఆయిల్ పోస్తే గేర్‌బాక్సు పాడవుతుందన్నది అపోహ. అప్పటికే క్లచ్‌లు అరిగి జారుతున్న బండిని చివరి ఆశగా తెచ్చి ఆయిల్ మారుస్తారు. తర్వాత అది ఆగిపోతే నింద ఆయిల్ మీద పడుతుంది.