బౌలింగ్ ఆడితే బొటనవేలు తిమ్మిరెక్కుతోంది... పట్టు మార్చుకుంటే తగ్గుతుందా?

ప్రశ్న: నా వయసు 32 ఏళ్లు. గుంటూరు బ్రాడీపేటలో ఉంటూ బ్యాంకులో పనిచేస్తున్నాను. ఏడాదిగా ప్రతి ఆదివారం స్నేహితులతో విజయవాడ వెళ్లి, ఒక మాల్‌లో బౌలింగ్ (వేళ్లు పెట్టే రంధ్రాలున్న బరువైన బాల్‌ను దొర్లించి పిన్నులను పడగొట్టే ఆట) ఆడుతున్నాను. 14 పౌండ్ల బాల్ వాడతాను. రెండు నెలలుగా కుడి బొటనవేలికి చూపుడు వేలి వైపున తిమ్మిరిగా ఉంటోంది. అక్కడ చిన్న గడ్డ చేతికి తగులుతోంది, నొక్కితే వేలి కొస దాకా షాక్ కొట్టినట్లవుతోంది. బాల్ ఒక్కోసారి ముందే జారిపోతుంది, ఒక్కోసారి వేలు ఇరుక్కుని ఆలస్యంగా వదిలి లేన్ (బాల్ దొర్లే బాట) మీద ధన్‌మని పడుతుంది. ఆట మానేయాలా? పట్టు మార్చుకుని సాధన చేస్తే సరిపోతుందా?

జవాబు: మీరు రాసిన లక్షణాలను బట్టి ఇది ‘బౌలర్స్ థంబ్’ అనే సమస్య కావచ్చు. బొటనవేలికి రెండు పక్కలా స్పర్శనిచ్చే సన్నని నరాలు ఉంటాయి. వాటిలో చూపుడు వేలి వైపున ఉన్నది చర్మానికి బాగా దగ్గరగా వెళుతుంది కాబట్టి, బాల్ రంధ్రం అంచు ప్రతిసారీ సరిగ్గా దాని మీదే ఒరుసుకుంటుంది. ఆ ఒరిపిడికి నరం చుట్టూ ఉన్న పొర క్రమంగా మందమెక్కి గడ్డలా తగులుతుంది. నొక్కినప్పుడు షాక్ కొట్టినట్లు అనిపించడం నరం రేగి ఉందనడానికి గుర్తు. చేతిని స్వయంగా పరీక్షించకుండా ఖాయంగా చెప్పడం సరికాదు గానీ, నొప్పి మణికట్టు దగ్గర బొటనవేలి మొదట్లో ఉంటే స్నాయువుల వాపునూ, రాత్రిపూట బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు కలిసి తిమ్మిరెక్కుతుంటే మణికట్టులో నరం నలగడాన్నీ అనుమానించాల్సి వచ్చేది. మీరు ఆ రెండూ రాయలేదు.

ఆటను శాశ్వతంగా మానేయనక్కర్లేదు. కానీ కనీసం నాలుగు వారాల పాటు బాల్ ముట్టుకోవద్దు. ఈ సమయంలో గడ్డ మీద నూనె రాసి గట్టిగా రుద్దించుకోవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను, ఎందుకంటే ఒరిపిడితో రేగిన నరాన్ని మళ్లీ ఒరిపిడికి గురిచేయడమే అవుతుంది. స్పర్శ తగ్గిన చోట ఐస్‌ను నేరుగా పెడితే చర్మం దెబ్బతిన్నా మీకు తెలియదు కాబట్టి, బట్టలో చుట్టి కొద్ది నిమిషాలే పెట్టుకోండి. నొప్పి మాత్రలను సొంతంగా రోజుల తరబడి వాడవద్దు. రక్తంలో చక్కెర కూడా ఒకసారి చూపించుకోండి. మధుమేహం ఉన్నవారిలో నరాలు త్వరగా దెబ్బతింటాయి, నెమ్మదిగా కోలుకుంటాయి.

ఇక మీ ప్రశ్నలోని అసలు విషయానికి వస్తే, బాల్ ఒకసారి ముందే జారడం, మరోసారి ఇరుక్కోవడం రెండు వేర్వేరు లోపాలు కావని నా అభిప్రాయం. రంధ్రం వదులుగా ఉన్నప్పుడు బాల్ జారిపోతుందేమోనన్న జంకుతో బొటనవేలిని లోపల కొంకిలా వంచి బిగిస్తాం. బిగింపు చాలకపోతే బాల్ ముందే జారుతుంది, ఎక్కువైతే వదలాల్సిన క్షణంలో వేలు రాదు. నరం నలిగేది కూడా ఆ బిగింపులోనే. అంటే మీ వేలి నొప్పికీ, సరిగా పడని బాల్‌కూ కారణం ఒక్కటే కావచ్చు.

ఇందులో మన వాతావరణం పాత్ర కూడా ఉంది. వేసవిలో గుంటూరు నుంచి బండి మీద వచ్చినవారి వేళ్లు వేడికి కాస్త ఉబ్బి ఉంటాయి. మాల్‌లో అడుగుపెట్టగానే, ఆ ఉబ్బిన వేలికి సరిపోయిన బాల్‌ను ఎంచుకుంటారు. అరగంట ఏసీలో గడిచేసరికి వేలు సన్నబడి, సరిపోయిన రంధ్రమే వదులవుతుంది, తెలియకుండానే బిగింపు మొదలవుతుంది. అందుకని లోపలికి వెళ్లి పావుగంట కూర్చున్నాకే బాల్ ఎంచుకోండి, ఆట మధ్యలో మరోసారి సరిచూసుకోండి. సొంత బాల్ ఉన్న ఆటగాళ్లు రంధ్రంలో ప్రత్యేకమైన టేపు ముక్క అంటించి కొలతను సరిచేసుకుంటారు.

ఎంచుకునే పద్ధతి కష్టమేమీ కాదు. బొటనవేలిని పూర్తిగా లోపలికి పెట్టి అటూ ఇటూ తిప్పితే చుట్టూ మెత్తగా తగలాలి, పట్టేయకూడదు, బయటికి తీసేటప్పుడు చర్మం లాగినట్లు ఉండకూడదు. తర్వాత మధ్యవేలు, ఉంగరపు వేలిని వాటి రంధ్రాల మీదుగా చాపండి. మాల్‌లలో అందరికీ ఇచ్చే బాళ్లలో ఈ రెండు వేళ్లూ రెండో కణుపు దాకా లోపలికి వెళ్లేలా రంధ్రాలు చేసి ఉంటాయి. కాబట్టి ఆ కణుపు గీత, రంధ్రానికి దగ్గరి అంచును దాటి సుమారు పావు అంగుళం ముందుకు రావాలి. గీత అంచు దాకా రాకపోతే మీ చేతికి ఆ బాల్ పెద్దది, చెయ్యి సాగదీసి పట్టుకోవాల్సి వస్తుంది, అప్పుడు బొటనవేలి మొదలు రంధ్రం అంచుకు ఒత్తుకుంటుంది.

బరువు విషయంలో నేను నిక్కచ్చిగానే చెబుతాను. 14 పౌండ్లంటే 6 కిలోల 350 గ్రాములు. ఒక్కో ఆటలో 17 లేదా 18 సార్లు విసిరినా, నాలుగు ఆటలకు దాదాపు 70 సార్లు అవుతుంది, మొత్తం దాదాపు 440 కిలోలు. మన మిర్చి యార్డులో ఒక టిక్కీ (మిర్చి బస్తా) 40 కిలోలు అనుకుంటే, ఆదివారం సాయంత్రం మీ చెయ్యి 11 టిక్కీల బరువు ఊపుతోందన్నమాట. అదంతా బొటనవేలి మీదే పడదు గానీ, వదిలే క్షణంలో బిగిస్తే పడేది తక్కువేమీ కాదు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు 10 లేదా 11 పౌండ్ల బాల్ తీసుకోండి. తేలిక బాల్‌తో పిన్నులు పడవని స్నేహితులు అనవచ్చు, కానీ బిగించి విసిరిన బరువైన బాల్ కన్నా, సాఫీగా వదిలిన తేలిక బాల్ దారి తప్పకుండా వెళుతుంది.

వదిలే పద్ధతిని మొదట ఇంట్లోనే, చేతిలో ఏమీ లేకుండా నేర్చుకోండి. భుజం నుంచి చెయ్యి మొత్తం ఉయ్యాలలా ముందుకూ వెనక్కీ ఊగాలి, మోచేయి పక్కకు పోకూడదు, మణికట్టు వంగిపోకుండా నిటారుగా ఉండాలి. బాల్‌ను మనం విసరడం లేదు, దాని బరువుతో అదే ఊగుతోంది, మనం దారి ఇస్తున్నామంతే అన్న భావన చేతికి అలవడాలి. కుడిచేతివారికి బాల్ వదలాల్సిన చోటు, ఊపు కిందికి వచ్చి ఎడమ మడమ పక్కగా దాటుతున్నప్పుడు. అక్కడ ముందు బొటనవేలు బయటికి రావాలి, ఆ వెంటనే మిగిలిన రెండు వేళ్లూ బాల్‌ను పైకి కాస్త ఎత్తుతూ వదలాలి. బాల్‌కు తిరుగుడు ఇచ్చేది ఆ రెండు వేళ్లే. చాలామంది తిరుగుడు కోసం ముంజేతిని గట్టిగా మెలితిప్పుతారు, అప్పుడు బొటనవేలు రంధ్రంలో అడ్డం తిరిగి మళ్లీ అదే నరాన్ని నలుపుతుంది. చెయ్యి చివరికి ఎవరికో కరచాలనం చేస్తున్నట్లు ఆగితే చాలు.

లేన్ మీదికి వెళ్లాక మొదటి రెండు వారాలు పరుగు వద్దు. ఫౌల్ లైన్ (బాల్ వదిలేటప్పుడు దాటకూడని గీత) దగ్గర ఒక్క అడుగు వేసి, పిన్నులు ఎన్ని పడ్డాయో చూడకుండా, పది పన్నెండు సార్లు వదిలి ఆపేయండి. బాల్ చప్పుడు చేయకుండా జారుతూ లేన్‌ను తాకితే వేలు సరైన సమయానికి వచ్చిందని అర్థం, ధన్‌మంటే ఇంకా బిగిస్తున్నారు. తిమ్మిరి మళ్లీ కనిపిస్తే ఆ రోజుకు అక్కడితో ముగించండి. ఆస్ట్రేలియా ఆటగాడు జేసన్ బెల్మోంటేలా బొటనవేలు పెట్టకుండా రెండు చేతులతో వేసే పద్ధతి కూడా ఉంది. అందులో ఈ నరానికి ఇబ్బంది ఉండదు గానీ నడుము బాగా వంచి తిప్పాలి కాబట్టి, రోజంతా కుర్చీలో కూర్చునే మీకు దాన్ని సూచించలేను.

నాలుగు వారాల విశ్రాంతి తర్వాత కూడా గడ్డ అలాగే ఉన్నా, వేలి కొసన స్పర్శ తగ్గుతూ పోయినా, నోట్లు లెక్కపెట్టేటప్పుడు కాగితం వేలికి తెలియకపోయినా ఆలస్యం చేయకుండా ఆర్థోపెడిక్ వైద్యుడిని కలవండి. మీకు దగ్గరలోని గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలోనూ ఎముకల విభాగం ఉంది. అవసరమైతే అల్ట్రాసౌండ్, నరాల పరీక్ష చేస్తారు. శస్త్రచికిత్స కొద్దిమందికే అవసరమవుతుంది. వెళ్లేటప్పుడు మీరు వాడిన బాల్ బరువు, రంధ్రం వదులా బిగువా అన్న వివరాలు రాసుకుని వెళ్లండి, ఏ వైద్యుడైనా ముందుగా అడిగేది అదే.

– ఆర్థోపెడిక్ సర్జన్, విజయవాడ