కత్తి బరువు, మంత్రం ఖరీదు

బ్రాడీపేట, గుంటూరు.

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నీ యానిమేషన్ సినిమా కోసం గీసి పంపిన స్టోరీబోర్డు, అదే సీన్ల వరసలో వేసిన బొమ్మలు, మొత్తం చూశానమ్మా. కోట గుమ్మం దగ్గర నీ కథానాయిక పిల్ల కత్తి పట్టుకుని నిలబడిన బొమ్మ చాలా నచ్చింది. నాకు లోటనిపించింది మాంత్రికుడి విషయంలోనే. నల్ల అంగీ, ఎర్రటి కళ్లు, వికటాట్టహాసం అన్నీ పెట్టావు. ఇంతకీ వాడికేం కావాలి? ఆ సంగతి ఎక్కడా లేదు.

'పాతాళ భైరవి' ఇంకోసారి చూడు. 1951 నాటి సినిమా. నేపాళ మాంత్రికుడికి ఆ శక్తి ప్రతిమ కావాలి, దానికోసం సాహసవంతుడైన కుర్రాణ్ణి బలివ్వాలి. ఆ సంగతి మనకు తెలుసు కాబట్టే, ఎస్వీ రంగారావు తోటరాముడితో ఎంత ప్రేమగా మాట్లాడితే మనకంత గుబులు పుడుతుంది. నీ మాంత్రికుడికీ అలాంటి కోరిక ఒకటి పెట్టు. కళ్లు ఎర్రగా వెయ్యకపోయినా పిల్లలు భయపడతారు.

ఇక కత్తి సంగతి. సాధువు ఇచ్చిన కత్తి తిప్పగానే రాక్షసులంతా బూడిదైపోతున్నారు. అలాగైతే గెలిచింది కత్తే కదా, పిల్లేం చేసినట్టు? వాడిన ప్రతిసారీ ఆమె ఏదో ఒకటి పోగొట్టుకోవాలి. ఒక జ్ఞాపకం అనుకో. మొదటిసారి తను ఆడుకున్న వీధి మర్చిపోతుంది, చివరి యుద్ధానికి వాళ్లమ్మ ముఖం. మాంత్రికుడి మంత్రానికీ అదే ఖరీదు ఉంటుంది, కానీ వాడు దాన్ని ఊళ్లోవాళ్ల చేత కట్టిస్తాడు. నీ పిల్ల తానే కడుతుంది. మంచీ చెడూ అక్కడ విడిపోవాలి తల్లీ, బట్టల రంగులో కాదు. జర్మనీలో లొట్టే రైనిగర్ నల్ల కాగితం కత్తిరించిన బొమ్మలతో 1926లో తీసిన 'ప్రిన్స్ అహ్మద్ సాహసాలు'లో మాంత్రికుడూ మంత్రగత్తే రూపాలు మార్చుకుంటూ కొట్టుకుంటారు. ఇద్దరిదీ ఒకటే విద్య. ఎవరికోసం వాడుతున్నారన్నదే తేడా.

కత్తియుద్ధం గీసేముందు ఒక పని చెయ్యి. మీ పెరట్లో గునపం ఉంటుంది. చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసుకుని, మీ అన్నయ్య చేత దాన్ని నెమ్మదిగా అటూ ఇటూ తిప్పించి ఫోన్‌లో తియ్యి. తర్వాత ఆపి ఆపి చూడు. ముందు మడమ నేలలో దిగబడుతుంది, తర్వాత నడుం తిరుగుతుంది, ఆ తర్వాత భుజం, చెయ్యి అన్నిటికంటే చివర. గునపం ఆగాక కూడా ఒళ్లు ఇంకాస్త ముందుకు తూలుతుంది. నీ బొమ్మల్లో చెయ్యి ఒక్కటే కదులుతోంది, అందుకే కత్తి అట్టముక్కలా తేలిపోతోంది. ఇలా తీసిన దృశ్యం మీదే గీసుకునే పద్ధతిని అమెరికాలో బొమ్మల సినిమాలు తీసిన మాక్స్ ఫ్లైషర్ వందేళ్ల కిందటే కనిపెట్టాడు. చూసి గీయడం తప్పేమీ కాదు. అయితే మక్కీకి మక్కీ దింపకు, ముఖ్యమైన భంగిమలు కాస్త సాగదియ్యి.

దెబ్బ తగిలినచోట నాలుగైదు ఫ్రేములు, అంటే సెకనులో ఐదో వంతు, బొమ్మని కదపకు. కంటికి ఆ దెబ్బ తెలియాలంటే అంత సమయం కావాలి.

నువ్వనుకున్న పది నిమిషాల నిడివి తగ్గించక తప్పదు. సెకనుకి 24 ఫ్రేములు, ఒక్కో బొమ్మ రెండు ఫ్రేములు ఉంచినా సెకనుకి 12 బొమ్మలు. పది నిమిషాలకి 7,200. ఒక్కదానివి ఎంతకని గీస్తావు? నాలుగు నిమిషాలకి కుదించు. రాక్షస సైన్యం తీసేస్తే కథకి నష్టమేమీ లేదు.

కోటకోసం ఇంటర్నెట్లో వెతకొద్దు. బెజవాడ నుంచి కొండపల్లి ఎంత దూరమని? పొద్దున్నే ఎండ ముదరకముందు వెళ్లి ఖిల్లా గోడల మీద నీడ ఎలా పడుతుందో స్కెచ్‌లు వేసుకో.

మాటలు ముందే రికార్డు చేసుకో, పెదాల కదలిక వాటిని బట్టే గీయాలి. మాంత్రికుడికి మీ పెదనాన్న గొంతు సరిపోతుంది, నాటకాలు ఆడిన మనిషి. కానీ అరవనివ్వకు, చెవిలో చెప్పినట్టు చెప్పమను. వచ్చే శనివారం బెజవాడ వస్తున్నాను, ఈలోగా మాంత్రికుడి సీన్లు తిరగరాసి ఉంచు.

మీ మావయ్య