సర్వే లెక్కలు: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 39 శాతం ఓట్లతో టీడీపీకి 23 సీట్లొచ్చాయి. 2024లో వైసీపీకీ 39 శాతమే, సీట్లు మాత్రం 11. సర్వేలవాళ్లు సీట్ల దగ్గర బోల్తా పడేది ఇందుకేనా? (తెనాలి నుంచి)

జవాబు: చాలావరకు ఇందుకే. సర్వేలో అడిగి తెలుసుకునేది ఓటు ఒక్కటే. సీట్లు దాన్నుంచి లెక్కగట్టినవి. 39 శాతం అన్ని చోట్లా సమానంగా పరుచుకుని ఉంటే ఎక్కడా గెలవకపోవచ్చు. పైగా అవతలి ఓటు చీలిందా, ఒక్కటైందా అన్నది చూడాలి. 2019లో జనసేన విడిగా పోటీ చేసింది. 2024లో టీడీపీ, జనసేన, బీజేపీ మూడూ కలిసి 55 శాతం దాకా తెచ్చుకుని 164 సీట్లు పట్టుకుపోయాయి. 2014లో టీడీపీ, బీజేపీ కూటమికీ వైసీపీకీ ఓట్లలో తేడా రెండు మూడు శాతమే, సీట్లు 106, 67. అందుకని సర్వేలో ముందు ఓట్ల శాతం చూడండి. అది ఇవ్వకుండా సీట్లే చెప్పేవాళ్లను నేనైతే పట్టించుకోను.

ప్రశ్న: మా నియోజకవర్గంలో కాలేజీ విద్యార్థులతో సర్వే చేయించాలి. వెయ్యిమంది సరిపోతారా? ఎలా ఎంచుకోవాలి? (ఖమ్మం నుంచి)

జవాబు: సరిపోతారు. వెయ్యిమందిని చీటీ తీసినట్టు ఎంచుకుంటే పొరపాటు అటూ ఇటూ 3 శాతం. దాన్ని సగం చేయాలంటే నాలుగు వేలమంది కావాలి. అయితే ఒక పార్టీకి 46, ఇంకోదానికి 42 వచ్చిందనుకోండి, ఆ నాలుగు పాయింట్ల ఆధిక్యం మీద పొరపాటు 6 పాయింట్ల దాకా ఉంటుంది. అలాంటప్పుడు ‘ఫలానా పార్టీదే గెలుపు’ అని రాయకూడదు.

240 పోలింగ్ బూత్‌లు ఉన్నాయనుకుందాం. 1 నుంచి 6 లోపు ఒక అంకె చీటీ తీసి, అక్కణ్నుంచి ప్రతి ఆరో బూత్ తీసుకుంటే 40 బూత్‌లు. ఒక్కో బూత్ ఓటర్ల జాబితాలో వెయ్యి పేర్లుంటే ప్రతి నలభయ్యో పేరు, అంటే 25 మంది. వెరసి వెయ్యి. ఒకే బూత్‌లో ఒకే వీధివాళ్లు, ఒకే కులంవాళ్లు ఎక్కువగా తగులుతారు కాబట్టి అసలు పొరపాటు ఆ 3 శాతం కన్నా ఎక్కువే ఉంటుంది. బూత్‌లు తగ్గించి ఒక్కోచోట ఎక్కువమందిని అడిగితే అది ఇంకా పెరుగుతుంది.

పని చెడేది ఇక్కడ కాదు, వీధిలో. జాబితాలో ఉన్నావిడ కూలికి వెళ్లి ఉంటుంది, మన కుర్రాడు పక్కింటి అరుగు మీద కూర్చున్నాయన్ని అడిగేసి వచ్చేస్తాడు. సాయంత్రానికి ఫారాలన్నీ నిండుతాయి, వాటిలో ఆడవాళ్లూ కూలీలూ తక్కువ. ఆ ఇంటికే చీకటి పడ్డాక మళ్లీ వెళ్లాలి. మూడుసార్లు వెళ్లినా దొరక్కపోతే ‘దొరకలేదు’ అని రాయాలే తప్ప మనిషిని మార్చకూడదు. పై ఊళ్లో ఉంటూ పోలింగ్ నాటికి బస్సెక్కి వచ్చే ఓటరూ ఇలాగే జారిపోతాడు. ఇంట్లోవాళ్ల దగ్గర ఫోన్ నంబరు తీసుకుని అడగండి.

ఓటు ప్రశ్న నోటితో అడక్కండి. పార్టీ గుర్తులున్న నమూనా బ్యాలెట్ ఇచ్చి, మడిచి డబ్బాలో వేయమనండి. లోక్‌నీతి అనే పరిశోధన బృందం సర్వేల్లో చేసేది ఇదే. పక్కన వార్డు నాయకుడు నిలబడి ఉన్నా నిజమైన జవాబు వచ్చే అవకాశం ఎక్కువ. పింఛను, రోడ్ల ప్రశ్నలు దీని తర్వాతే. ముందు పింఛను గుర్తుచేసి ఆపైన ఓటు అడిగితే జవాబు అటు మొగ్గుతుంది. ‘చెప్పను’ అన్నవాళ్లను మిగతావాళ్ల దామాషాలో పంచేయకండి, విడిగా చూపండి. గత ఎన్నికల్లో ఎవరికి వేశారో కూడా అడిగి అసలు ఫలితంతో పోల్చండి. గెలిచిన పార్టీకి వేశామనేవాళ్లు మామూలుగానే కాస్త ఎక్కువ ఉంటారు, అది పట్టించుకోనక్కర్లేదు. మరీ పదిహేను పాయింట్లు తేడా వస్తే శాంపిల్ ఎక్కడో ఒరిగిందనే.

ప్రశ్న: పోలింగ్ జరుగుతుండగానే ఎగ్జిట్ పోల్ అంటూ వాట్సాప్‌లో వస్తే పంపొచ్చా? (అనంతపురం నుంచి)

జవాబు: పంపకండి. ప్రజాప్రాతినిధ్య చట్టం 126ఎ సెక్షన్ కింద మొదటి విడత పోలింగ్ మొదలైనప్పటి నుంచి చివరి విడత ముగిసి అరగంట గడిచేదాకా ఎగ్జిట్ పోల్ ఫలితాలు ప్రచారం చేయడం నేరం. రెండేళ్ల దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ.