లెక్చర్ రికార్డు చేశాను, నోటీసు వచ్చింది

ప్రశ్న: నేను పీజీ రెండో సంవత్సరం విద్యార్థిని. మా ప్రొఫెసర్ గారు చాలా వేగంగా చెబుతారు. నోట్సు అందుకోలేక ఈ సెమిస్టర్‌లో ఆయన లెక్చర్లన్నీ ఫోన్లో ఆడియో రికార్డు చేసుకున్నాను. అనుమతి అడగలేదు. ఒక క్లాసు ఫైలు మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో పెట్టాను. అందులో చర్చ మధ్యలో ఒక క్లాస్‌మేట్ తను డిప్రెషన్‌కి మందులు వాడుతున్న సంగతి చెప్పింది. నేనది గమనించలేదు. ఆమె ఫిర్యాదు చేసింది. సార్ నా ఫోను తీసుకుని, అన్‌లాక్ చేయించి, ఫైళ్లన్నీ డిలీట్ చేశారు. ఇప్పుడు షోకాజ్ నోటీసు ఇచ్చారు, పోలీసు కేసు కూడా పెడతామంటున్నారు. నేను చేసింది నేరమా? – పేరు రాయవద్దని కోరిన పాఠకుడు

జవాబు: ముందు పోలీసు కేసు భయం సంగతి చూద్దాం. మీరు హాజరైన క్లాసును, మీకు చెబుతున్న పాఠాన్ని, మీ చదువు కోసం ఆడియో రికార్డు చేసుకోవడాన్ని నేరమనే సెక్షన్ మన దేశంలో లేదు. ఇలాంటి సందర్భాల్లో చాలామంది ఐటీ చట్టం 66ఇ పేరు చెప్పి బెదిరిస్తుంటారు. ఆ సెక్షన్ మనిషి మర్మాంగాల చిత్రాలు తీయడం, పంపడం గురించినది. లెక్చర్ ఆడియోకి అది అతకదు. కాలిఫోర్నియా వంటి కొన్ని అమెరికా రాష్ట్రాల్లో గోప్యమైన సంభాషణను అందరి అంగీకారం లేకుండా రికార్డు చేయడమే నేరం. అక్కడ చదువుతున్న మన పిల్లలు దీన్ని గుర్తుంచుకోవాలి. అయితే ఒక్క హెచ్చరిక: ఫోనును రికార్డింగ్‌లో పెట్టి బెంచీ మీద వదిలేసి, మీరు బయటికి వెళ్లాక మిగతావాళ్లు ఏం మాట్లాడుకున్నారో వినడం వేరే సంగతి. అక్కడ మీరు శ్రోత కారు, చాటుగా వినేవారు. దానికి ఈ జవాబు వర్తించదు.

ఇక పాఠం ఎవరిది? కాపీరైట్ చట్టం, 1957 'పెర్‌ఫార్మర్' నిర్వచనంలో నటులు, గాయకులు, గారడీవాళ్లు, పాములు ఆడించేవాళ్లతో పాటు ఉపన్యాసం ఇచ్చే వ్యక్తినీ చేర్చింది. (ఈ జాబితా చదివి వినిపిస్తే కొందరు అధ్యాపకులు నవ్వుతారు, కొందరు నొచ్చుకుంటారు.) కాబట్టి తన లెక్చర్ రికార్డింగ్‌పై మీ ప్రొఫెసర్‌కి హక్కుంది. ఆ హక్కు 50 ఏళ్లు ఉంటుంది. అదే చట్టంలోని 39వ సెక్షన్ మాత్రం, రికార్డు చేసుకున్న వ్యక్తి సొంత వాడకానికో, నిజమైన బోధన, పరిశోధనలకో చేసుకుంటే ఆ హక్కుకు భంగం కాదంటుంది. ఈ సెమిస్టర్‌లో మీరు చేసిన రికార్డింగులు చాలావరకు ఈ నీడలోనే ఉన్నాయి. అదే ఫైలును యూట్యూబ్‌లో పెడితే, టెలిగ్రామ్ ఛానల్లో అమ్మితే ఆ నీడ ఉండదు. తెలిసి చేసిన ఉల్లంఘనకు 63వ సెక్షన్ కింద జైలు శిక్ష మూడేళ్ల వరకు పడవచ్చు.

బ్యాచ్ గ్రూపు ఈ రెండింటికీ మధ్యలో ఉంది. పాఠం వరకే అయితే, తోటి విద్యార్థుల చదువు కోసమే పంచానని మీరు వాదించవచ్చు, ఆ వాదనలో కొంత బలముంది. అసలు చిక్కు ప్రొఫెసర్ గారి గొంతుతో రాలేదు, ఆ అమ్మాయి గొంతుతో వచ్చింది. ఆమె తన ఆరోగ్యం గురించి గదిలో ఉన్న కొద్దిమందిని నమ్మి చెప్పింది. గ్రూపులో పడ్డ మాట ఎన్ని ఫోన్లకు ఫార్వర్డ్ అయిందో మీరూ చెప్పలేరు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న తేల్చింది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం వ్యక్తిగత, గృహ అవసరాల కోసం ఒక వ్యక్తి చేసే పనిని మినహాయించింది కానీ, గ్రూపులో పెట్టిన ఫైలును ఆ మినహాయింపు కిందికి తేవడం కష్టమని నా అభిప్రాయం. పరిహారం కోరుతూ ఆమె సివిల్ కోర్టుకు వెళ్లే దారి కూడా ఉంది. 'గమనించలేదు' అన్న మాట మీ ఉద్దేశం చెడ్డది కాదని చూపిస్తుంది, అంతకుమించి మిమ్మల్ని కాపాడదు.

నేరం కాకపోయినంత మాత్రాన క్రమశిక్షణ చర్య ఉండదనుకోవద్దు. అనుమతి లేకుండా రికార్డు చేయకూడదని నిబంధన పెట్టుకునే అధికారం యూనివర్సిటీకి ఉంది, చేరేటప్పుడు మీరు సంతకం పెట్టిన కాగితాల్లో అది ఉండి ఉండవచ్చు. అయితే ఏ నిబంధన ఉల్లంఘించారో నోటీసులో చెప్పాలి, ఫిర్యాదు నకలు ఇవ్వాలి, మీ మాట వినాలి.

ఫోను విషయంలో తప్పు ప్రొఫెసర్ గారిది. క్లాసులో ఫోను పక్కన పెట్టమనే అధికారం వేరు, అన్‌లాక్ చేయించి లోపల వెతికే అధికారం వేరు. రెండోది ఆయనకు లేదు. పైగా ఫిర్యాదుకు ఆధారమైన ఫైలునే ఆయన చెరిపేశారు. అలాగని ఆయన మీద ఎదురు కేసు పెట్టమని నేను సలహా ఇవ్వను. మీ జవాబులో జరిగింది జరిగినట్టు ఒక వాక్యం రాస్తే చాలు. క్లౌడ్ బ్యాకప్‌లో కాపీలు మిగిలి ఉంటే విచారణ పూర్తయ్యేదాకా చెరపకండి, ఎవరికీ పంపకండి, అడిగితే దాచకండి.

ఇంకో మాట. మీకు వినికిడి సమస్యో, డిస్‌లెక్సియా వంటి అభ్యసన వైకల్యమో ఉంటే మీ స్థితి వేరు. దివ్యాంగుల హక్కుల చట్టం, 2016లోని 16వ సెక్షన్ ప్రకారం విద్యార్థి అవసరాన్ని బట్టి తగిన సౌకర్యం కల్పించే బాధ్యత విద్యాసంస్థదే. లెక్చర్ రికార్డు చేసుకోనివ్వమని ఆ ప్రాతిపదికన రాతపూర్వకంగా కోరవచ్చు, అప్పుడు 'నాకిష్టం లేదు' అని ప్రొఫెసర్ ఒక్క మాటతో తోసిపుచ్చలేరు. ఏ సమస్యా లేకపోయినా ముందే అడగడం మేలు. 'సొంత చదువుకు మాత్రమే ఆడియో రికార్డు చేసుకుంటాను, ఎవరికీ పంచను, చర్చ జరిగేటప్పుడు ఆపేస్తాను, పరీక్షలయ్యాక తీసేస్తాను' అని నాలుగు ముక్కలు మెయిల్ పెట్టండి. చర్చప్పుడు ఆపేస్తానన్న మాటకే చాలామంది అధ్యాపకులు మెత్తబడతారు.

నోటీసుకు గడువులోపే జవాబివ్వండి. రికార్డు చేసిన మాట ఒప్పుకోండి, బుకాయిస్తే గ్రూపులో ఫైలు ఉండనే ఉంది. ఎందుకు చేశారో, ఎన్ని క్లాసులో, ఎవరికి పంపారో రాయండి. జవాబు ఇచ్చే లోపే గ్రూపు అడ్మిన్‌తో ఫైలు తీసేయించి, డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్లను చెరిపేయమని మెసేజ్ పెట్టి, దాని స్క్రీన్‌షాట్ జత చేయండి. ఆ అమ్మాయికి క్షమాపణ డిపార్ట్‌మెంట్ ద్వారా రాతపూర్వకంగా పంపండి. ఫిర్యాదు వెనక్కి తీసుకోమని మీరు గానీ మీ స్నేహితులు గానీ ఆమెకు ఫోన్ చేయవద్దు. అలా చేస్తే ఇప్పుడు లేని పోలీసు కేసుకు మీరే దారి తీసినవారవుతారు.