యూట్యూబ్‌లో పెట్టేసిన మిషనుకు పేటెంటు వస్తుందా?

ప్రశ్న: లాయరు గారూ, నేను ఐటీఐ ఫిట్టర్‌ని. గాజువాక ఆటోనగర్‌లో చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు నడుపుతున్నాను. చేపల పొలుసు తీసే మిషను ఒకటి సొంతంగా తయారుచేశాను. పాత వాషింగ్ మిషను మోటారు, స్టీలు డ్రమ్ము, లోపల రబ్బరు పళ్లు, పైనుంచి నీటి ధార. కిందటి కార్తీక మాసంలో బేరాలు లేక ఖాళీగా ఉన్నప్పుడు డ్రమ్ము విప్పి, లోపల ఏముందో చూపిస్తూ యూట్యూబ్‌లో వీడియో పెట్టాను. ఇప్పటికి 22 మిషన్లు అమ్మాను. మా అమ్మాయి పేరే మిషనుకు పెట్టాను. ఇప్పుడు పక్క జిల్లాలో ఒక యూనిట్ వాళ్లు అచ్చం అదే మిషనును, పేరులో ఒక్క అక్షరం మార్చి, మూడు వేలు తక్కువకు మన హార్బర్‌లోనే అమ్ముతున్నారు. నా దగ్గర పనిచేసి మానేసిన కుర్రాడు అక్కడే ఉన్నాడు. పైగా ‘మేం పేటెంటుకు అప్లై చేశాం, నువ్వు ఆపకపోతే కేసు వేస్తాం’ అని వాట్సాప్‌లో బెదిరిస్తున్నారు. వీడియో పెట్టక ముందే నేను డ్రాయింగులను వంద రూపాయల స్టాంపు పేపరు మీద నోటరీ చేయించాను. అది సరిపోదా? ఒక కన్సల్టెంట్ 75 వేలు ఇస్తే ‘వరల్డ్ పేటెంట్’ తెప్పిస్తానంటున్నాడు. స్ప్రింగులతో కొత్త మోడల్ కూడా తయారైంది. వేట నిషేధం అయ్యాక జూన్‌లో హార్బర్‌లో డెమో ఇద్దామనుకుంటున్నాను. గొడవ ఎందుకని ఆ వీడియో తీసేద్దామా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
– ఒక పాఠకుడు, గాజువాక

జవాబు: ముందు ఆ వీడియో జోలికి వెళ్లకండి. డిలీట్ చేయొద్దు, ప్రైవేట్‌లో పెట్టొద్దు, టైటిల్ కూడా మార్చొద్దు. ఎందుకో కాస్త ఆగి చెబుతాను. దానికంటే ముందు చేదు మాట ఒకటి చెప్పాలి.

మీ పాత మిషనుకు పేటెంటు రాదు. మన 1970 పేటెంట్ల చట్టం ప్రకారం, దరఖాస్తు పెట్టే రోజుకు ఆ వస్తువు లోకానికి తెలియనిదై ఉండాలి. ఎవరో బయటపెడితేనే కాదు, కనిపెట్టినవాడే బయటపెట్టినా అంతే. మీరు డ్రమ్ము విప్పి రబ్బరు పళ్లు ఏ కోణంలో బిగించారో కెమెరాకు చూపించిన రోజునే అది కొత్తది కాకుండా పోయింది. ఆ తర్వాత 22 మిషన్లు అమ్మారు కాబట్టి వాదించడానికి కూడా ఏమీ మిగల్లేదు.

అమెరికాలో కనిపెట్టినవాడు బయటపెట్టాక కూడా ఏడాది గడువు ఉంటుంది. ఇంటర్నెట్‌లో అమెరికా సలహాలు విని ఇక్కడా అంతేననుకుని మోసపోయినవాళ్లు నా దగ్గరకు చాలామందే వచ్చారు. మన చట్టంలోనూ సెక్షన్ 31 కింద 12 నెలల వెసులుబాటు ఉంది కానీ అది చాలా ఇరుకు. కేంద్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ఎగ్జిబిషన్‌లో ప్రదర్శించడం, శాస్త్ర నిపుణుల సంఘం ముందు పత్రం చదవడం లాంటి వాటికే వర్తిస్తుంది. ఇంజినీరింగ్ కాలేజీ ఫెస్ట్‌లో స్టాల్ పెట్టినా, యూట్యూబ్‌లో వీడియో పెట్టినా అందులోకి రావు.

ఇక నోటరీ సంగతి. ఫలానా తేదీకి ఈ డ్రాయింగులు మీ దగ్గర ఉన్నాయని ఆ కాగితం చెబుతుంది, అంతే. ఇతరులను తయారుచేయకుండా ఆపే హక్కు నోటరీ ఇవ్వలేడు, పేటెంట్ ఆఫీసు ఒక్కటే ఇవ్వగలదు. డ్రాయింగులను కవరులో పెట్టి తనకు తానే రిజిస్టర్డ్ పోస్టు చేసుకుని, సీలు విప్పకుండా బీరువాలో దాచుకున్న పెద్దాయన ఒకరు నాకు తెలుసు. ఆయనకూ ఇదే చెప్పాను. ఆ కాగితాన్ని పారేయకండి, సాక్ష్యంగా పనికొస్తుంది.

ఇప్పుడు వీడియో ఎందుకు ఉంచమన్నానో చెబుతాను. పసుపు గొడవ మీరు వినే ఉంటారు. గాయాలు మానడానికి పసుపు వాడటంపై 1995లో అమెరికాలో మిసిసిపీ యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌కు పేటెంటు ఇచ్చారు. మన కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ దాన్ని సవాలు చేసింది. ఇది మా వంటింట్లో ఎప్పటినుంచో ఉన్నదే అని నోటితో అంటే అక్కడ చెల్లదు కదా! అందుకని పాత సంస్కృత గ్రంథం, 1953 నాటి భారతీయ వైద్య పత్రిక వ్యాసం లాంటివి వెతికి పట్టుకెళ్లి ముందు పెట్టారు. 1997లో ఆ పేటెంటు రద్దయింది. ముందే అచ్చయినదానికి పేటెంటు ఉండదన్న సూత్రమే పసుపును కాపాడింది.

మీ పేటెంటును తినేసిందీ ఆ సూత్రమే. అయితే అది మీ ఒక్కరితో ఆగదు. ఆ యూనిట్ వాళ్లు మీ వీడియో తేదీ తర్వాత దరఖాస్తు పెట్టి ఉంటే, అదే వీడియో వాళ్ల దరఖాస్తునూ తినేస్తుంది. దరఖాస్తు పబ్లిష్ అయ్యాక, పేటెంటు మంజూరు కాకముందు ఎవరైనా అభ్యంతరం వేయొచ్చు. దాన్ని ప్రీ-గ్రాంట్ అపోజిషన్ అంటారు. మంజూరయ్యాక కూడా ఆ సంగతి ప్రచురించిన తేదీ నుంచి ఏడాదిలోపు ఇంకో అవకాశం ఉంటుంది. మీ దగ్గర తెలుసుకుని వాళ్లు తమదిగా దరఖాస్తు పెట్టారన్నది కూడా విడిగా ఒక అభ్యంతరమే. ఇక్కడ మీ నోటరీ కాగితం, మొదటి అమ్మకం బిల్లు అక్కరకొస్తాయి. వీడియో లింకు, అప్‌లోడ్ తేదీ, కామెంట్లు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. ఆ పని మీ లాయరు చూసుకుంటారు.

అసలు వాళ్లు అప్లై చేశారా అన్నది వేరే ప్రశ్న. దరఖాస్తు మామూలుగా 18 నెలల దాకా బయటకు రాదు. వచ్చాక పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్‌లో ఉచితంగానే వెతకొచ్చు. అప్పటిదాకా ‘మీ దరఖాస్తు నంబరు చెప్పండి’ అని వాట్సాప్‌లోనే మర్యాదగా అడగండి. నిజంగా ఉన్నవాళ్లు సాధారణంగా గొప్పగానే చెప్పుకుంటారు. లేకుండానే ఉందని చెప్పి సరుకు అమ్మితే పేటెంట్ల చట్టం సెక్షన్ 120 కింద తప్పు. 2023 జన్ విశ్వాస్ చట్టం ఆ జరిమానాను 10 లక్షల దాకా పెంచింది. ఒకవేళ నిజంగానే అప్లై చేసినా, పేటెంటు చేతికి రాకముందు మీ మీద ఉల్లంఘన దావా వేయలేరు. కాబట్టి ఆ మెసేజ్ చూసి షెడ్డు మూసుకోనక్కర్లేదు. దాన్ని మాత్రం డిలీట్ చేయకండి.

ఈ రోజుకు మీ చేతిలో ఉన్న గట్టి ఆయుధం మీ అమ్మాయి పేరు. దాన్ని ముందు వాడింది మీరు, జనం మిమ్మల్ని గుర్తుపట్టేది దానితోనే. ఒక అక్షరం మార్చి అదే రకం మిషను మీద అతికించడం, మీ సరుకని నమ్మించి అమ్మడం కిందికి వస్తుంది. దీన్ని పాసింగ్ ఆఫ్ అంటారు. రిజిస్ట్రేషన్ లేకపోయినా దావా వేయొచ్చు. వాళ్ల యూనిట్ పక్క జిల్లాలో ఉన్నా అమ్ముతున్నది మన హార్బర్‌లో కాబట్టి ఇక్కడే వేయడానికి వీలుంటుంది. ట్రేడ్‌మార్కుకు ఈ వారమే ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టండి. యంత్రాలు 7వ తరగతిలోకి వస్తాయి. వ్యక్తిగా పెడితే ప్రభుత్వ ఫీజు రూ.4,500. మొదటి బిల్లు తేదీని ‘వాడకం మొదలైన తేదీ’గా చూపించండి. దరఖాస్తు పెట్టిన తర్వాత లీగల్ నోటీసు పంపిద్దాం. నా అనుభవంలో సగం గొడవలు అక్కడే తేలిపోతాయి.

కుర్రాడి విషయంలో కోపం తగ్గించుకోండి. అతను ఎక్కడ పని చేసుకోవాలో అతని ఇష్టం. ‘మానేశాక వేరేచోట ఇదే పని చేయకూడదు’ అని రాయించుకున్నా కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 ప్రకారం అది చెల్లేది కాదు. మీ రహస్యం బయటపెట్టకూడదన్న షరతు మాత్రం చెల్లుతుంది. కానీ వీడియోలో లోకమంతా చూసినదాన్ని రహస్యం అనలేం కదా! ఇకముందు పనివాళ్లతోనూ, లేజర్ కటింగ్‌కు డ్రాయింగు పంపే షాపువాళ్లతోనూ అచ్చ తెలుగులో ఒక పేజీ కాగితం మీద సంతకం తీసుకోండి. ‘ఈ డ్రాయింగును ఎవరికీ చూపించను, కాపీ ఉంచుకోను’ అని ఉంటే చాలు.

ఇక కొత్త మోడల్. మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేశారు గానీ నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించింది అదే. ఫోన్ చేసి అడిగితే మీరు చెప్పారు: పాతదాంట్లో చిన్న చేపలూ పెద్ద చేపలూ కలిపి వేస్తే చిన్నవాటి తోలు చిరిగిపోయేది. ఇప్పుడు ఒక్కో రబ్బరు పన్ను వెనక స్ప్రింగు పెట్టడంతో, పెద్ద చేప తగిలితే పన్ను వెనక్కి జరుగుతోంది, చిన్నదైతే మెల్లగా గీరుతోంది. మీ బామ్మర్ది తప్ప ఇంకెవరూ చూడలేదు. బామ్మర్దికి కూడా గట్టిగా చెప్పి ఉంచండి.

దీనికి పేటెంటు గ్యారంటీ అని నేను అనను. తెలిసిన వస్తువులను పక్కపక్కన పేర్చి, దేని పని అది చేసుకుంటూ పోతే సెక్షన్ 3(ఎఫ్) అడ్డొస్తుంది. ఇత్తడి పాత్రలను లేత్‌కు బిగించి పనిచేసే పద్ధతిపై ఉన్న పేటెంటు విషయంలో, హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు 1978లో ఇదే చూసింది. అనుభవమున్న పనివాడు వర్క్‌షాపులో మామూలుగా చేసుకునే మార్పు ఆవిష్కరణ కాదంది. ఆ పేటెంటు నిలబడలేదు. మీ స్ప్రింగునూ పేటెంట్ ఆఫీసులో దరఖాస్తు పరిశీలించే ఎగ్జామినర్ అదే కంటితో చూస్తాడు, అదీ మీ పాత వీడియోను పక్కన పెట్టుకుని మరీ చూస్తాడు. కాబట్టి ఇప్పటినుంచే ఒక నోట్‌బుక్ పెట్టండి. ఏ తేదీన ఏ చేప ఎన్ని కిలోలు వేశారు, స్ప్రింగు లేకుండా ఎన్ని చిరిగాయి, ఉంటే ఎన్ని చిరిగాయి. శీలావతి, బొచ్చె, ఇంకా చిన్న రకాలు, అన్నీ వేసి చూడండి. స్ప్రింగు, పన్ను కలిసి పనిచేయడం వల్లే ఈ ఫలితం వచ్చిందని చూపించగలిగితే కేసు బలంగా ఉంటుంది.

రాసే తీరు కూడా ముఖ్యమే. పేటెంటులో మీ హక్కు ఎంతవరకో చెప్పే వాక్యాలను క్లెయిమ్స్ అంటారు. అక్కడ ‘స్కూటర్ క్లచ్ స్ప్రింగు’ అని రాశారనుకోండి, పక్క జిల్లావాళ్లు స్ప్రింగు తీసి రబ్బరు బుష్ పెట్టి, ‘మాది వేరు సార్’ అంటారు. అదే ‘ఒత్తిడికి వెనక్కి జరిగి, ఒత్తిడి తగ్గగానే తిరిగి యథాస్థానానికి వచ్చే భాగం’ అని రాస్తే స్ప్రింగూ బుష్షూ రెండూ అందులోకి వస్తాయి. మరీ వెడల్పుగా రాస్తే పాత మిషన్లు ఏవో దానికి తగిలి మొత్తం పోతుంది. ఈ నేర్పు నోటరీ దగ్గరా, ఫారాలు నింపే డీటీపీ సెంటర్లోనూ దొరకదు. సైన్స్ లేదా ఇంజినీరింగ్ డిగ్రీ ఉండి, పరీక్ష పాసై, రిజిస్టరైన పేటెంట్ ఏజెంటు దగ్గరకు వెళ్లండి. వాళ్ల జాబితా పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్‌లోనే ఉంటుంది.

మొత్తం వివరాలు ఇప్పుడే సిద్ధంగా లేకపోయినా ప్రొవిజనల్, అంటే తాత్కాలిక దరఖాస్తు పెట్టొచ్చు. తేదీ దొరుకుతుంది, పూర్తి దరఖాస్తుకు 12 నెలల గడువు ఉంటుంది. అందులో రాయనిదానికి ఆ తేదీ వర్తించదు కాబట్టి స్ప్రింగు బిగించే తీరు, బొమ్మలు అన్నీ పెట్టండి. వ్యక్తికి ఆన్‌లైన్ ఫీజు రూ.1,600. దరఖాస్తును పరిశీలించమని కోరడానికి 31 నెలల్లోపు ఇంకో రూ.4,000. మన రాష్ట్రం దరఖాస్తులు చెన్నై ఆఫీసు కిందికి వస్తాయి, అయినా చెన్నై వెళ్లే పని లేదు. మంజూరైతే దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు, మూడో ఏడాది నుంచి ఏటా రెన్యువల్ ఫీజు. ఏజెంటు ఫీజే అసలు ఖర్చు. దానికోసం అప్పు చేయొద్దు. ముందు ప్రొవిజనల్ వేసి, ఏడాదిలో అమ్మకాలు చూసి, ముందుకెళ్లాలో లేదో తేల్చుకోండి.

చైనా, జర్మనీ లాంటి దేశాల్లో చిన్న చిన్న మెరుగులకు తక్కువ కాలం రక్షణ ఇచ్చే ‘యుటిలిటీ మోడల్’ అనేది ఉంది. మన దగ్గర లేదు. ఉంటే అనవసరపు కేసులు పెరుగుతాయని కొందరంటారు. కావచ్చు. ఆటోనగర్‌లో పనిచేసేవాళ్లను చూస్తే మాత్రం అది ఉండాలనే నాకనిపిస్తుంది. పేటెంటు అంటే మందుల కంపెనీల గొడవ అని మన షెడ్లలో ఇంకా అనుకుంటున్నారు. ఆలేరు చింతకింది మల్లేశం గారు అమ్మ పడే కష్టం చూడలేక, చేనేతకు నూలు సిద్ధం చేసే ఆసు యంత్రం చేశారు, దానికి పేటెంటు వచ్చింది, 2017లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఆయన చదువు పెద్ద డిగ్రీలేం కాదు. అలాంటివాళ్లకు తోడ్పడటానికి కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ కింద గాంధీనగర్‌లో నేషనల్ ఇన్నోవేషన్ ఫౌండేషన్ ఉంది. ఒక ఉత్తరం రాసి చూడండి. కాకపోతే వాళ్ల జవాబు కోసం ఎదురుచూస్తూ దరఖాస్తు ఆపుకోకండి.

వరల్డ్ పేటెంట్ అనేది లేదు. ఏ దేశపు పేటెంటు ఆ దేశంలోనే చెల్లుతుంది. అంతర్జాతీయ దరఖాస్తు అని ఒకటి ఉంది గానీ అది దరఖాస్తే. ఆ తర్వాత ప్రతి దేశంలో విడివిడిగా ఖర్చు పెట్టుకోవాలి. ఆ కన్సల్టెంట్‌ను రిజిస్టర్డ్ ఏజెంటు నంబరు అడగండి.

వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. హార్బర్‌లో డెమో పెట్టుకోండి, కాకపోతే దరఖాస్తు నంబరు వచ్చిన మర్నాడు పెట్టండి. అప్పటిదాకా కొత్త మోడల్ ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో కూడా పెట్టొద్దు. తెలిసినవాడే కదా అని ఒక్క పీసు కూడా అమ్మొద్దు. నా దగ్గరకు వచ్చేటప్పుడు నోటరీ కాగితం, మొదటి బిల్లు, ఆ వాట్సాప్ మెసేజ్ ఉన్న ఫోను, వాళ్ల మిషను మీది స్టిక్కర్ ఫొటో తీసుకురండి. కుదిరితే హార్బర్‌లో ఎవరైనా వాళ్ల మిషనును మీదే అనుకుని కొన్నారేమో వాకబు చేసి, వాళ్ల పేరు, కొన్న తేదీ కూడా రాసుకుని రండి.